కొబ్బరి పీచు రోడ్డు: కంప్యూటర్ లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

కవిటి అంటే ఉద్దానం కొబ్బరి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే కాయతో పాటు పీచుకూ గిరాకీ ఉండటం ఇక్కడి రైతుకు ముఖ్యం. ఆ గిరాకీకి ఒక దారి గ్రామీణ రోడ్డు.

ప్రభుత్వం ఏం చెప్పింది?

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో కొబ్బరి పీచు జియోటెక్స్‌టైల్ వాడతామని 2020 మేలో కేంద్రం ప్రకటించింది. ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు ప్రతిపాదించగా, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణది 121, పొరుగున ఉన్న ఒడిశాది 470.

రోడ్డు కింద వస్త్రం ఎందుకు?

మెత్తటి నేలపై కంకర పోస్తే బరువుకు అది మట్టిలోకి దిగబడుతుంది. మధ్యలో వస్త్రం పరిస్తే రెండూ కలవవు. నీరు బయటకు పోతుంది, మట్టి మాత్రం ఆగుతుంది.

కంప్యూటర్ పనేమిటి?

వస్త్రంలో రంధ్రాలు పెద్దవైతే మట్టి జారిపోతుంది, మరీ చిన్నవైతే నీరు నిలుస్తుంది. పోగుల మందం, అల్లిక, సాగే గుణం ఇస్తే బరువు పడినప్పుడు వస్త్రం ఎలా ప్రవర్తిస్తుందో కంప్యూటర్ అంచనా వేస్తుంది. భవనాల్లో తేమను, వేడిని ఆపే పొరల కోసం పరిశోధిస్తున్న నానోఫైబర్ వస్త్రాలకూ ఇదే పద్ధతి. కాకపోతే ఆ పోగులు కొబ్బరి పీచు కంటే దాదాపు వెయ్యి రెట్లు సన్నం. అడ్డదిడ్డంగా పేరుకునే అలాంటి పోగులను ఒక్కొక్కటిగా పరీక్షించడం చాలా కష్టం. అందుకే చిన్న ముక్కను కంప్యూటర్‌లో నిర్మించి, దాని నుంచి మొత్తం వస్త్రం గుణాలు లెక్కగడతారు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

నానో పోగును యంత్రం తయారుచేస్తుంది. కొబ్బరి పీచు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి ఏ రెండు పోగులూ ఒకేలా ఉండవు. పైగా అది నేలలో క్రమంగా కుళ్లిపోతుంది. లిగ్నిన్ ఎక్కువగా ఉండటం వల్ల జనపనార కంటే నెమ్మదిగా కుళ్లుతుంది, అంతే. వస్త్రం బలం తగ్గేలోపు కింది నేల గట్టిపడాలి. ఆ గడువు మట్టిని, తేమను బట్టి మారుతుంది. వేరే ప్రాంతపు మట్టి కొలతలతో వేసిన లెక్కను ఉద్దానం తీరానికి అలాగే అతికిస్తే రోడ్డు కుంగే ప్రమాదం ఉంది. కంప్యూటర్ తనకు ఇచ్చిన అంకెలకే జవాబు చెబుతుంది.

మనం ఏం అడగాలి?

మీ ఊరి రోడ్డులో ఈ వస్త్రం వాడుతుంటే మూడు ప్రశ్నలు వేయండి. మట్టి పరీక్ష ఇక్కడే చేశారా? వస్త్రం ఐఎస్ 15869 ప్రమాణానికి సరిపోతుందా? పీచు ఎక్కడి నుంచి తెచ్చారు? జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఈ పథకం రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ బాధ్యత కాంట్రాక్టరుదే. లెక్క సరైనదో కాదో ఆ ఐదు వర్షాకాలాల్లోనే తేలుతుంది. పీచు ఉద్దానానిదే అయితే, రోడ్డుతో పాటు తోటకూ మేలు.