నెల తిరిగేసరికి బొమ్మ మారాలి

భవానీపురం: హైదరాబాదు రోడ్డు మీద బెజవాడకు వచ్చే పల్లెటూరి జనానికి పట్నం మొదట తగిలేది భవానీపురం దగ్గరే. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం వైపు బస్సులన్నీ గొల్లపూడి దాటి ఇటే వస్తాయి. ఒకపక్క కొండ, ఒకపక్క కృష్ణ. పున్నమి ఘాటులో పడవ ఎక్కితే భవానీ ద్వీపం. ఇంకాస్త ముందుకు పోతే అమ్మవారి కొండ. పనుల మీద వచ్చిన మనిషి తిరుగు బస్సుకు గంటో రెండు గంటలో ఉన్నప్పుడు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, ఎవరినీ అడగకుండా, పైసా ఇవ్వకుండా నాలుగు మంచి బొమ్మలు చూసి వచ్చే హాలు ఒకటి ఇక్కడ ఉండాలి. హాలు ఒక్కటే ఉంటే చాలదు. అందులో బొమ్మలు మారుతూ ఉండాలి. నా మటుకు నాకు ఆ రెండో మాటే ముఖ్యం.

కాలువకు నీళ్ళు లేక, ధాన్యానికి ధర లేక జనం ఏడుస్తుంటే బొమ్మల కొలువు కావలసి వచ్చిందా అని కొందరు అడగవచ్చు. అడగనీయండి. నీళ్ళూ ధరా ఉన్న ఏడు కూడా ఈ మాటే అంటారు. అసలు బొమ్మలు పెట్టుకుని చూడడం మనకు పట్నంవాళ్ళు నేర్పిన విద్య కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, అటక మీద పెట్టెలోంచి బొమ్మలు దించి కొలువు తీర్చే ఇళ్ళు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఏడాదికి ఒక్కటైనా కొత్త బొమ్మ చేర్చాలని ముసలివాళ్ళు పట్టుబడతారు. పేరంటానికి వచ్చినవాళ్ళు ముందు వెతికేది ఆ కొత్త బొమ్మనే. పండుగ అవగానే అన్నీ మళ్ళీ గుడ్డల్లో చుట్టి పెట్టెలోకి. ఏడాది పొడుగునా మెట్ల మీదే వదిలేస్తే వాటి వంక ఎవరు చూస్తారు?

మన మ్యూజియాలకు పట్టిన తెగులు అదే. బెజవాడ బందరు రోడ్డులో ఒక పాత భవనం ఉంది. 1887 జూన్ 27న అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్ విక్టోరియా రాణి జూబిలీ పేరిట దానికి శంకుస్థాపన చేశాడు. 1921లో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది ఆ ఆవరణలోనే అంటారు. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడు అక్కడ ఉన్నాడు. కొన్నేళ్ళు మూతపడిన ఆ భవనం 2020 అక్టోబరు 1న చిత్రకారుడు బాపు పేరుతో బాపు మ్యూజియంగా మళ్ళీ తెరుచుకుంది. సంతోషించవలసిన విషయమే. అయితే ఊళ్ళోవాళ్ళను అడిగి చూడండి. "చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళారండీ, చూశాం గదా" అంటారు. చూసేశామన్న మాటతో వాళ్ళ దృష్టిలో మ్యూజియం ముగిసిపోయింది. రాతి బుద్ధుణ్ణి నెలనెలా మార్చమని ఎవరూ అనరు. ఆయన అక్కడే ఉండాలి. మారే గోడ వేరే ఉండాలి.

గోదావరి అవతల రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన మనిషి ఆయన. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారి వంటివారు కనిపెట్టుకుని ఉండబట్టి ఆ చిత్రాలు ఊరికి దక్కాయి. అది ఒకే చేతి పనిని దాచుకున్న ఇల్లు. దాని గౌరవం దానిది. నేను అడుగుతున్నది వేరు. ఈ నెల ఒకరిది, వచ్చే నెల ఇంకొకరిది. ఊరందరి గోడ అన్నమాట.

బొమ్మలు మార్చడం జనం కోసమే కాదు, బొమ్మల కోసం కూడా. ఈ సంగతి చాలామందికి తెలియదు. అద్దకం చీర నెలల తరబడి ఎండకు దండెం మీద వేలాడితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? గోడ మీద గుడ్డకూ, కాగితం మీద గీసిన బొమ్మకూ అదే గతి. కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది. మ్యూజియాలవాళ్ళు వెలుతురును లక్స్ అనే లెక్కతో కొలుస్తారు. అద్దకం గుడ్డకూ కాగితానికీ 50 లక్సులకు మించనీయకూడదని చాలాచోట్ల పాటిస్తారు. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెలుతురు వేల లక్సుల్లో ఉంటుంది. అందుకే అలాంటి వస్తువును కొన్ని నెలలు చూపించి, తీసి చీకట్లో పెట్టి, దాని చోట మరొకటి పెడతారు.

పెడన కలంకారీనే తీసుకుందాం. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి నలుపు తీస్తారు. పటికతో ఎరుపుకు పట్టు ఇస్తారు. టేకు అచ్చులతో ఒక్కో రంగూ విడివిడిగా అద్దుతారు. ఎరుపూ నలుపూ గట్టివి. పసుపు మాత్రం వెలుతురుకు ఓర్వదు. 17, 18 శతాబ్దాల్లో డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు బందరు రేవు నుంచీ ఈ తీరంలోని ఇతర రేవుల నుంచీ ఓడల కొద్దీ అద్దకం గుడ్డలు పట్టుకుపోయారు. ఆ కాలపు గుడ్డలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద ఆకులు ఇప్పుడు నీలంగా కనబడతాయి. మనవాళ్ళు నీలాకులు వేయలేదు. నీలిమందు మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చారు. ఏళ్ళు గడిచి పసుపు ఎగిరిపోయింది, నీలం మిగిలింది. అంత డబ్బున్న మ్యూజియాలు కూడా ఆ గుడ్డలను ఏకబిగిన వేలాడదీయవు, వంతుల మీద చూపిస్తాయి. అదే బందరు పక్కన పుట్టిన మనం ప్రారంభోత్సవం నాడు తగిలించిన గుడ్డను వెలిసిపోయేదాకా దించం.

## మూడు రోజుల ముచ్చట

దీనికి పూర్తి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. పట్నంలో ప్రదర్శన అంటే శుక్రవారం రిబ్బను, ఆదివారం సర్దుడు. మొదటిరోజు పెద్దలు వస్తారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు పేపర్లో పడుతుంది. ఆ పేపరు చదివి, పని చూసుకుని, మూడోనాడు బయలుదేరిన పల్లెటూరివాడికి ఖాళీ గోడలు కనబడతాయి. మా ఊరి నుంచి నలుగురం కలిసి ఓసారి ఇలాగే పోయాం. ఎక్కడని చెప్పను. "నిన్ననే తీసేశాం బాబాయ్, ముందే రావాల్సింది" అన్నాడు అక్కడి కుర్రాడు మాలో పెద్దాయనతో. ఆయన గోడకున్న మేకులు లెక్కపెట్టి, బాగానే కొట్టారు అనేసి వచ్చేశాడు. బస్సులో అందరం నవ్వుకున్నాం గానీ, ఛార్జీలు మాత్రం మావే.

కనుక ఒక్కో ప్రదర్శన కనీసం నలభై రోజులు ఉండాలి. నోటిమాట ఊళ్ళు తిరగడానికి ఆ మాత్రం పడుతుంది. తేదీలు కూడా ఆఫీసు క్యాలెండరు చూసి కాకుండా పంచాంగం చూసి పెట్టాలి. ఊడ్పుల్లో, కోతల్లో ఎంత గొప్ప బొమ్మ పెట్టినా పల్లె కదలదు. దసరా పది రోజులూ, తరువాత భవానీ దీక్షలు విరమించే రోజుల్లోనూ కొండకు జనం పోటెత్తుతారు. ఏడాదికల్లా మంచి ప్రదర్శన అప్పుడు పెట్టాలి. ఆదివారం తెరిచి ఉంచాలి. సెలవు కావాలంటే సోమవారం ఇచ్చుకోవచ్చు. ఫలానా నెల ఫలానా బొమ్మలని పంచాయతీ ఆఫీసు బోర్డు మీదా, బస్టాండులోనూ పెద్ద తెలుగు అక్షరాలతో ముందుగా రాయించాలి.

ఖర్చు మాటకు వస్తాను. ప్రతిసారీ వందేసి బొమ్మలు ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగేవారికి లండన్ కథ ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి నేషనల్ గ్యాలరీ చిత్రాలన్నిటినీ బాంబులకు భయపడి వేల్స్‌లో మానోడ్ అనే చోట కొండలో తవ్విన పలక రాతి గనిలో దాచారు. గోడలన్నీ బోసిపోయాయి. ఒక్క మంచి చిత్రమైనా చూపించమని జనం అడిగారు. 1942 నుంచి నెలకు ఒక్కటంటే ఒక్క చిత్రం గని నుంచి తెప్పించి పెట్టడం మొదలుపెట్టారు. పైన విమానాలు తిరుగుతున్న ఊళ్ళో, ఆ ఒక్క బొమ్మ కోసం జనం వచ్చారు. వచ్చే నెల ఏది వస్తుందా అని ఎదురు చూశారు. మనకు ఒక గది, రెండు గోడలు, తలుపున్న బీరువా ఉంటే మొదలుపెట్టవచ్చు.

వాళ్ళకు బాంబుల భయమైతే మనకు వరద భయం. ఈ మాట రాయకుండా భవానీపురంలో హాలు కట్టమనడం బాధ్యత లేని పని. 2009 అక్టోబరు 5న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఇంతకు మించి రాదనుకున్నాం. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు వచ్చింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి బెజవాడ పడమటి పేటల్లో ఇళ్ళు మునిగాయి. బియ్యమూ, పుస్తకాలూ, పెళ్ళి ఫొటోలూ బురదపాలు కావడం చూశాం. కాబట్టి కింది అంతస్తులో చూపుడు, పై అంతస్తులో దాపు. బొమ్మల గిడ్డంగి ఎట్టి పరిస్థితిలోనూ నేల మీద ఉండకూడదు. గోడ మీద ఉన్నవి తక్కువైతే నీరు వచ్చే కబురు తెలియగానే గంటలో దించి పైకి చేర్చవచ్చు. కొద్దికొద్దిగా మార్చి చూపించే పద్ధతికి ఇదొక లాభం.

## పేరు రాయాలి

ఎవరి బొమ్మలు పెట్టాలి? ఇక్కడే నాకు పట్టుదల ఉంది. భవానీపురం నుంచి బస్సెక్కితే కొండపల్లి ఎంతో దూరం లేదు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల బంకతో, రంపపు పొట్టుతో అతుకులు వేసి, సున్నం పూసి రంగులద్దే బొమ్మలు దేశమంతా తెలుసు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతగాడు మనందరి ఇళ్ళలో ఉన్నాయి. ఆ బొమ్మ చేసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? దుకాణంలో బొమ్మకు ధర కాగితం ఉంటుంది. పేరు ఉండదు. పట్నం చిత్రకారుడి బొమ్మ కింద అతని పేరు, పుట్టిన ఊరు, పొందిన బహుమతులూ రాస్తారు. రాయనీయండి, తప్పులేదు. కొండపల్లి బొమ్మ కిందా, పెడన అద్దకం కిందా, ఆ అచ్చు చెక్కిన వడ్రంగి కిందా కూడా అలాగే రాయాలి. నలభై రోజులు ఒక పనివాడి పేరు గోడ మీద ఉంటే, ఈ పనిలో ఏముందని ఆటో కొనుక్కుంటానంటున్న అతని కొడుకు ఒకసారి ఆగి చూస్తాడేమో. ఆగకపోవచ్చు కూడా. పొణికి చెట్టు దొరకడం లేదు, పూటకూలి గిట్టడం లేదు. పేరొక్కటే కడుపు నింపదని నాకూ తెలుసు. అయినా అనామకంగా పోవడం కంటే నయం.

ఏడాదిలో ఒక వంతు బడిపిల్లలకు ఇవ్వాలి. ఒక వంతు గోడల మీద, గుమ్మాల మీద ముగ్గులు వేసే ఆడవాళ్ళకు ఇవ్వాలి. ఏది పెట్టాలో నిర్ణయించే కమిటీలో ఒక కొండపల్లి పనివాడూ, ఒక పెడన పనివాడూ, పల్లెటూరి డ్రాయింగు మాస్టారూ ఉండి తీరాలి. మొత్తం ఆఫీసర్లే కూర్చుంటే మళ్ళీ రిబ్బనూ ఫొటోలే.

భవానీపురంలో దించిన బొమ్మలు నేరుగా బీరువాలోకి పోనక్కరలేదు. వెలుతురుకు తట్టుకునేవి, చెక్కబొమ్మల వంటివి, పదిహేను రోజులు మైలవరం, పదిహేను రోజులు గుడివాడ తిరగవచ్చు. 2022లో జిల్లా ఎన్టీఆర్, కృష్ణా అని రెండయింది గానీ చూసే కళ్ళు రెండు కాలేదు. ఇలా తిప్పడం మనకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు, కృష్ణ అవతలి ఒడ్డున, పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. రైతులు గట్టు మీద నిలబడి పుస్తకం తీసుకునేవారు. పుస్తకం కాలువ మీద ఊరికి వచ్చినప్పుడు బొమ్మ ఆర్టీసీ బస్సులో రాలేదా? ప్రతి మండలంలో గ్రంథాలయం గది ఒకటి ఉంది. పగలంతా పేపరు చదివే నలుగురు తప్ప అందులో ఎవరూ ఉండరు. ఒక గోడ ఇవ్వమని అడిగితే కాదనరు.

నగరపాలక సంస్థ, పర్యాటక శాఖ, దేవస్థానం ముగ్గురికీ ఈ ఒడ్డున పనులున్నాయి. ఎవరు ముందుకు వచ్చినా సరే. మొదటి ప్రదర్శనకు వచ్చే దసరా సరైన సమయం. ఒక గోడకు కొండపల్లి, ఎదుటి గోడకు పెడన. దించే తేదీ తలుపు మీద మొదటిరోజే రాసిపెట్టాలి.