మన రైఫిల్ దేనిపై గురిపెట్టవలెను?

కళాశాలకు ఒక పాయింట్ టూ టూ రైఫిల్ కొనవలెనన్న మాట విద్యార్థుల నోట వినవచ్చి కొంతకాలమైనది. ఎన్.సి.సి. గది వరండాలోను, జొహర్ నమాజు ముగిసి తరగతులు తిరిగి మొదలగులోపల చెట్ల క్రిందను, ఈ సంగతిమీద వాదోపవాదాలు సాగుతున్నవి. కోరిక మంచిదే. కాని ఏ రైఫిల్, ఎందుకు అన్న ప్రశ్నకు ఎక్కువమంది ఇచ్చు సమాధానం మమ్ములను కలవరపెట్టినది. "తేలికైనది, మ్యాగజైన్ గలది, పైన దుర్భిణి బిగించుకొనుటకు వీలైనది ఒకటి కొంటే చాలును, ఆదివారాలు కాగితంమీద గురి, సెలవులలో కుందేలు, కౌజు" అని వారి వాదం. ఒక ఖర్చుతో రెండు సరదాలు. ఈ బేరం కార్యవర్గానికి కూడ లాభసాటిగా తోచవచ్చును. మేము దీనితో ఏకీభవించలేకున్నాము. శికారుకు తగిన రైఫిల్ గురిపందానికి తగదు. గురిపందానికి తగినది శికారుకు పనికిరాదు. పైగా ఆ రెండింటిలో ఒకటి మన దేశంలో చేయరాని పని.

ముందుగా ఈ ఆయుధపు స్వభావం తెలిసికొనవలెను. పెద్ద రైఫిళ్ళ తూటాకు అడుగున నడిమధ్య చిన్న బొట్టువంటి క్యాపు ఉండును. సూది దానిని కొట్టగా లోపలి మందు అంటుకొనును. పాయింట్ టూ టూ తూటాకు అట్టి బొట్టు లేదు. అంటుకొను రసాయనం తూటా అడుగు అంచులో, లోపలి మడత చుట్టును పరచియుండును. సూది ఆ అంచును నలిపినంతనే తూటా పేలును. రిమ్‌ఫైర్ అన్న పేరు అందువలన వచ్చినదే. అంచు నలగవలెనన్న ఇత్తడి రేకు పలుచగా ఉండవలెను. పలుచని రేకు ఎక్కువ ఒత్తిడికి తాళలేదు. కనుకనే ఇది ఎన్నటికిని చిన్న శక్తిగల తూటాగానే మిగిలినది. నేడు లోకమంతట వాడుకలోనున్న లాంగ్ రైఫిల్ రకం 1887లో అమెరికాలో పుట్టినది. గుండు బరువు 40 గ్రెయిన్లు, అనగా రెండున్నర గ్రాములకు కొంచెం పైమాట, అడ్డుకొలత 5.6 మిల్లీమీటర్లు. ఇది భుజాన్ని తన్నదు, చెవులు దిమ్మెక్కించదు. పేలుడుకు బెదరి కళ్ళు మూసికొను అలవాటు పడకుండ కొత్తవానికి గురి నేర్పుటకు ఇంతకన్న తగినది లేదు. కాని చిన్నది గదా అని ఆటవస్తువుగా ఎంచినవారు పొరబడినట్లే. ఎత్తి కాల్చిన గుండు సుమారు ఒకటిన్నర కిలోమీటరు పోగలదు. మెత్తని సీసం గనుక రాతినేలను, నీటిని తాకి పక్కకు ఎగురు గుణం కూడ దీనికి మెండు.

ఇక శికారు సంగతి. మన ఇండ్లలో తాతల కాలపు శికారు కథలు ఇంకను సజీవంగా ఉన్నవి. గోడకు వ్రేలాడిన జింక కొమ్ములు చూచి పెరిగినవారు మాలోను ఉన్నారు. ఆ కథల తీపి వేరు, నేటి శాసనం వేరు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జంతువులను లైసెన్సుపై వేటాడుటకు వీలుంచినది. 1991 సవరణతో ఆ ద్వారం మూసికొన్నది. కుందేలు, కౌజు, పూరేడు మొదలగునవన్నియు రక్షిత జాబితాలలో చేరినవి. 2022 సవరణ జాబితాలను తిరిగి కూర్చినదే గాని వేటకు తలుపు తెరువలేదు. తుపాకియా, గాలి తుపాకియా, ఉచ్చులా అన్న భేదం ఈ చట్టానికి లేదు. కళాశాల పేర లైసెన్సు పొందిన రైఫిల్‌తో ఒక విద్యార్థి కుందేలును కొట్టినచో చిక్కులలో పడునది అతడొక్కడే కాదు. లైసెన్సు, క్లబ్బు, కళాశాల పేరు అన్నియు అతని వెంట పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలసివచ్చును.

చట్టం మాట అటుంచుదము. ఆకలి తీర్చుకొనుటకు చేయు వేటను మన ధర్మం అనుమతించినదనుట నిజమే. కాని ప్రాణమున్న జీవిని కేవలం గురి సాధనకై లక్ష్యంగా నిలుపరాదన్న నిషేధం హదీసులలో స్పష్టంగా ఉన్నది. విలువిద్య నేర్చుకొనుడని ప్రోత్సహించినదియు ఆ హదీసులే. ఈ రెండును కలిపి చదివినవారికి మన క్లబ్బు దారి ఏదో వేరుగా చెప్పనక్కరలేదు. మాలో కొందరము చిన్ననాడు ఒక చెరువు గట్టున గాలి తుపాకితో ఒక గువ్వను కొట్టితిమి. అది పడలేదు. ఒక రెక్క వ్రేలాడవేసికొని తుమ్మపొదలోనికి పోయినది. సాయంకాలం దాక వెదకినను దొరకలేదు. ఆనాడు గురి తప్పలేదని సంతోషించినవారు ఒక్కరును లేరు.

చిన్న జంతువుల వేట చట్టసమ్మతమైన దేశాలు లేకపోలేదు. ఇంగ్లండులో పొలాలు పాడుచేయు కుందేళ్ళను, అమెరికాలో ఉడుతలను పాయింట్ టూ టూతో వేటాడుదురు. అక్కడివారు రైఫిల్ ఎంచుకొను విధం చూచినచో మా వాదం ఇంకను తేటపడును. రోజంతయు భుజాన మోయవలెను గనుక వారికి తేలికైన రైఫిల్ కావలెను; జంతువు కదలును గనుక మ్యాగజైన్ కావలెను; మసక వెలుతురులో చూడవలెను గనుక దుర్భిణి కావలెను; జంతువు బాధపడక వెంటనే చావవలెను గనుక ముక్కున గుంటగల, వేగం హెచ్చు తూటా కావలెను. గురికాడికి ఇందులో ఏ ఒక్కటియు అక్కరలేదు. కొన్ని అడ్డంకులు కూడ.

50 మీటర్ల పోటీలో కాగితంమీది పదవ వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. రూపాయి నాణెం వెడల్పులో ఇంచుమించు సగం. అంత దూరాన అంత చుక్కను మాటిమాటికి కొట్టవలెనన్న రైఫిల్ బరువుగా, నిశ్చలంగా ఉండవలెను. మందమైన గొట్టం, ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి బోల్టు మూయు ఏర్పాటు మేలు. ఒక్క తూటా రైఫిల్ అనగానే విద్యార్థులు పెదవి విరచుట మేము చూచినాము. కాని ప్రతి తూటాకు ఆగి, ఊపిరి సర్దుకొని, తిరిగి భుజానికి ఆనించుకొనుటలోనే విద్య అంతయు ఉన్నది. పైగా ఫైరింగు పర్యవేక్షించు అధ్యాపకునికి బోల్టు తెరచియున్నదా లేదా అన్నది దూరమునుండియే కనబడును; మ్యాగజైన్‌లో ఎన్ని మిగిలినవని లెక్కించు బెంగ ఉండదు.

ఎన్.సి.సి. డీలక్స్ రైఫిల్‌ను 25 గజాల చాంద్‌మారీలో పట్టినవారికి ముందు మొన, వెనుక గాడి కలిపి చూచు పద్ధతి తెలిసినదే. గురిపందపు రైఫిల్‌కు గాడి బదులు కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టపు మూతి దగ్గర ఉంగరం ఉండును. కన్ను రంధ్రాన్ని తనంతట తానే మధ్యకు తెచ్చుకొనును. చూపరి ఉంగరంలో నల్లచుక్కను నిలిపిన చాలును. ఇట్టి సైట్లు లేని రైఫిల్ ఎంత చవుకగా వచ్చినను తీసికొనరాదు. ట్రిగ్గరు గరగరలాడక, ఒకే చోట, ఒకే బరువున విడువవలెను. అన్నిటికన్న తరచుగా మరచునది బట్టు పొడవు. ఆరడుగుల వానికి సరిపోయిన బట్టు ఐదడుగుల అమ్మాయి మెడను వంకర చేయును. పొడవును, చెంప ఆనించు పలకను సర్దుకొను వీలున్న రైఫిల్ ఒక్కటి పదిమందికి పనికివచ్చును. ఎడమచేతి వారిని కూడ మరువరాదు. కుడిచేతి బోల్టుతో వారు పడు అవస్థ మేమెరుగుదుము.

కంపెనీ పేరు మీద జరుగు వాదాలలో మాకు ఆసక్తి తక్కువ. జర్మనీ వారి ఆన్‌షుట్జ్ అంతర్జాతీయ పోటీలలో పెద్ద పేరు. దాని వెల కూడ పేరుకు తగినట్టిదే. చెక్ దేశపు సి.జెడ్., ఇంగ్లండు వారి పాత బి.ఎస్.ఏ. మంచివే. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పాయింట్ టూ టూ స్పోర్టింగు రైఫిల్ తయారుచేసినది. గట్టిదే గాని, పేరులోనే ఉన్నట్లు అది ముఖ్యంగా గురిపందానికి పుట్టినది కాదు. మా సలహా, కొత్త స్పోర్టింగు రైఫిల్‌కన్న ఎవరైన క్రీడాకారుడు జాగ్రత్తగా వాడిన పాత గురిపందపు రైఫిల్ మేలని. సీసపు గుండ్లు గొట్టాన్ని అరగదీయుట చాల తక్కువ. ఈ గొట్టాలు పాడగునది ఎక్కువగా మూతి వైపునుండి కడ్డీ దూర్చి మొరటుగా తుడుచువారి వల్లనే. కాబట్టి కొనునప్పుడు మూతి అంచును భూతద్దంతో చూడవలెను. తూటా లేకుండ ఊరక ట్రిగ్గరు నొక్కు అలవాటు ఉన్నవారి చేతిలో పడిన రైఫిల్‌కు తూటా కూర్చుండు చోట అంచున సూది గంటు ఉండవచ్చును; అదియు చూడవలెను.

ఇక తూటా. తూటాల వేగాలు రెండు తరగతులు. సాధారణ వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు, హెచ్చు వేగం సుమారు 375. ధ్వని వేగం ఈ రెండింటికి నడుమ, ఇంచుమించు 340. హెచ్చు వేగపు గుండు మార్గమధ్యంలో ధ్వని వేగానికి క్రిందికి జారునప్పుడు కలత చెందును. మొదటినుండి నిదానంగా పోవు గుండుకు ఆ బాధ లేదు. అందుచేత గురిపందంలో నిదానమే గెలుచును. మరొక వింత, ఒకే పేరుగల తూటాలు ఒక రైఫిల్‌కు నప్పి పక్కదానికి నప్పవు. పదేసి తూటాలు కాల్చి, రంధ్రాలు ఏ రకంతో దగ్గరగా పడుచున్నవో చూచి ఆ రకమే తెచ్చుకొనవలెను. లైసెన్సుపై దొరకు తూటాలకు పరిమితి ఉండును గనుక ఈ లెక్క ముందుగానే వేసికొనవలసినది. ఖరీదైన రైఫిల్, సంవత్సరానికి రెండు పెట్టెల తూటాలు అన్న ఏర్పాటుకన్న, నడిమి తరగతి రైఫిల్, చాలినన్ని తూటాలు, వారానికి రెండు రోజులు వచ్చు ఉస్తాదు అన్న ఏర్పాటునే మేము కోరుదుము.

"ఇంత తంటా ఎందుకు, గాలి రైఫిల్ చాలదా?" అని కార్యవర్గంలో ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేము. 0.177 అంగుళాల రంధ్రం, 20 జౌళ్ళకు మించని శక్తిగల గాలి రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. 10 మీటర్ల గది చాలును. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండనులో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది ఆ 10 మీటర్ల గాలి రైఫిల్‌తోనే. మొదటి సంవత్సరం అదే కావలెనని మేమును ఒప్పుకొందుము. కాని గదిలో గాలి వీచదు. 50 మీటర్ల బయలులో జెండా కదలికను చూచి గురిని జరుపు నేర్పు, మోకాలిపైన, బోర్లపడుకొని, నిలువబడి మూడు భంగిమలలో కాల్చు నేర్పు పాయింట్ టూ టూయే నేర్పగలదు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో సిఫ్త్ కౌర్ సమ్రా ఈ మూడు భంగిమల పోటీలో 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం పొందినది; 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చినాడు. మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ ఆసియా పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్టలు కూడ ఈ రిమ్‌ఫైర్ తూటానే కాల్చును. మన విద్యార్థినులు శిరోవస్త్రం అడ్డమగునేమోనని సందేహించనక్కరలేదు. ఇరాను స్త్రీలు అట్లే ఒలింపిక్ వేదికపై రైఫిల్ పట్టినారు.

నిజమైన చిక్కు రైఫిల్ కాదు, దాని వెనుకనున్న ఏర్పాటు. గుండు ఒకటిన్నర కిలోమీటరు పోగలదని పైన చెప్పినాము. మన ఆటస్థలం వెనుక బస్తీ ఉన్నది. అక్కడ కట్ట పోసి కాల్చుదమన్న సూచనకు మేము పూర్తిగా వ్యతిరేకులము. గుర్తింపు పొందిన రేంజిలోనే కాల్చవలెను, బస్సు ఖర్చు ఎంతైనను. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకు 21 సంవత్సరాలు నిండవలెను గనుక, విద్యార్థులు శిక్షణగా, పర్యవేక్షణలో మాత్రమే కాల్చుదురు. లైసెన్సు వ్యవహారం జిల్లా రైఫిల్ సంఘం ద్వారా నడపుట క్షేమం. బోల్టు ఒక బీరువాలో, తూటాలు మరొక దానిలో, రెండు తాళాలు ఇద్దరి వద్ద ఉండవలెను. కాల్చిన ప్రతి తూటాకు ఖాళీ గొట్టం లెక్క చూపవలెను. పేలని తూటాను వెంటనే తీయక, మూతి లక్ష్యంవైపే ఉంచి అరనిమిషం ఆగవలెనని గోడమీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించవలెను. సీసం చేతులకంటును, సబ్బుతో కడుగక టిఫిన్ డబ్బా తెరువరాదు.

ఈ సంవత్సరపు క్రీడానిధిలో రెండు గాలి రైఫిళ్ళు, పాత పరీక్షల గదికి ఒక ఇనుప తెర, పెల్లెట్లు కొనుటకు సొమ్ము కేటాయించవలెనని, పాయింట్ టూ టూకు దరఖాస్తు ఇప్పటినుండియే పెట్టవలెనని, దానిలో ఉద్దేశమన్న గడిలో గురిపందం అన్న ఒక్క మాట తప్ప మరేమియు వ్రాయరాదని కార్యవర్గాన్ని కోరుచున్నాము. రాబోవు సమావేశంలో మేము చెప్పదలచినది ఇంతే. తేలిక రైఫిల్, దుర్భిణి కావలెనను మిత్రులు కూడ ఆనాడు తప్పక వచ్చి తమ వాదం వినిపించవలెను.