పైలట్ లేని ఫో

హనోయ్ పాతపేటలో తెల్లవారకముందే కాలిబాటల మీద చిన్న చిన్న పీటలు వెలుస్తాయి. రాత్రంతా పెద్ద బానలో మరగిన ఆవు ఎముకల రసం, అందులో కాల్చిన అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్కల వాసన వీధి మలుపు వరకు వ్యాపిస్తుంది. బియ్యప్పిండితో చేసిన మెత్తని పట్టీల మీద ఆ రసం పోసి, పలుచని మాంసపు ముక్కలు పరచి ఇస్తారు. దాని పేరు ఫో. ఆ మాటను పలకవలసిన స్వరానికి వియత్నామీయులు పెట్టుకున్న పేరు 'ప్రశ్న'. యాత్రికుడు ఎంత శ్రద్ధగా పలికినా అంగడివారికి నవ్వు రాక మానదు.

ఇది ప్రాచీన వంటకమేమీ కాదు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో హనోయ్, నామ్ దిన్ ప్రాంతాలలో పుట్టింది. దుక్కి పశువును వధించడం అరుదైన ఆ పల్లెసీమలో ఫ్రెంచివారి గొడ్డుమాంసపు వాడకం పెరిగి, ఎముకలు చవకగా మిగిలాయని, ఆ మిగులే ఈ రసానికి మూలమని చెబుతారు.

అమెరికాతో యుద్ధం సాగిన రోజులలోను, ఆ తరువాతి రేషను కాలంలోను ఉత్తరాన మాంసం కరవైంది. ప్రభుత్వ భోజనశాలలలో వేడి రసం, పట్టీలు మాత్రమే దొరికేవి. ఆకాశంలో అమెరికా పంపిన మనిషి లేని నిఘా విమానాలు తిరుగుతున్న కాలమది. మాంసం లేని ఆ గిన్నెకు హనోయ్ జనం 'పైలట్ లేని ఫో' అని పేరు పెట్టారు. ఆకలిని హాస్యంతో ఎదుర్కొన్న జాతిని గురించి ఈ ఒక్క పేరు చెప్పినంత చరిత్ర గ్రంథాలు చెప్పలేవేమో! 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలైన తరువాత గిన్నెలోకి మాంసం క్రమంగా తిరిగి వచ్చింది.

దక్షిణానికి సాగితే హ్యూ నగరం. 1802 నుండి 1945 వరకు న్గుయెన్ రాజుల రాజధాని. చిట్టి గిన్నెలలో ఆవిరిపై ఉడికించిన అప్పాలు రాచరికపు ముచ్చటను తలపిస్తాయి. ఆ పక్క వీధిలోనే, ఏటిలో ఏరిన చిన్న ఆల్చిప్పల మాంసాన్ని చల్లారిన అన్నంలో కలిపిన పేదల భోజనం దొరుకుతుంది. రెండింటిలో ఏది రుచి అంటే రెండవదే అనేవారు తక్కువేమీ కాదు. నిమ్మగడ్డి, పులిసిన రొయ్యల ముద్ద, ఎండుమిరప కలిసిన హ్యూ చారు మాత్రం ఆంధ్రుల నాలుకకు ఇంటిని జ్ఞప్తికి తెస్తుంది.

1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షలాది ఉత్తరాదివారు దక్షిణానికి తరలిపోయారు. ఫో కూడా వారి వెంట సైగాన్ చేరి బాగా వ్యాపించింది. అక్కడ రసం తియ్యనైంది. పక్కన మొలకలు, తులసిజాతి ఆకులు, నిమ్మముక్కలు నిండిన పళ్ళెం చేరింది. హనోయ్ నుండి వచ్చిన వృద్ధులు మాత్రం ఆ పళ్ళెాన్ని మర్యాదగా పక్కకు జరిపి, ముందు ఉత్త రసం రుచి చూస్తారు.