దండ పడకముందే చూడాలి

"కొత్త బండికి చూసేదేముందండీ, కంపెనీ నుంచి వచ్చిందే కదా!" కారు కొనే ఇంట్లో ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. పెద్దవాళ్లయితే ఇంకొకటి కలుపుతారు, శుభమా అని బండి తెచ్చుకుంటూ వంకలు వెతక్కూడదని. షోరూమ్ వాళ్లకు కావలసిందీ అదే. ఇలా అందరూ ఒక్కమాట మీద నిలబడటంతో, ఇల్లు తర్వాత అంత డబ్బు పోసి కొనే వస్తువును కళ్లు మూసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాం. బండి ముందు కొట్టే కొబ్బరికాయనైనా చెవి దగ్గర ఊపి చూసి కొంటాం. బండిని మాత్రం చూడం.

ఈ అలవాటు మన పెద్దల నుంచి వచ్చింది కాదు. సంతలో ఎద్దును కొనే రైతు నోరు తెరిచి పళ్లు చూసేవాడు, సుళ్లు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు, కాడి కట్టి చూసిగానీ బేరం ఖాయం చేసేవాడు కాదు. అమ్మేవాడు దాన్ని అవమానంగా తీసుకునేవాడూ కాదు. పెళ్లిచీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు కొట్టు గడప దాటి, ఎండలో పట్టి రంగు చూస్తారు. అది అపశకునమని ఎవరూ అనలేదు. పది లక్షల కారు దగ్గరికి వచ్చేసరికే పరిశీలన మర్యాద తప్పిన పని ఎలా అయింది?

"కంపెనీ నుంచి వచ్చింది" అన్నమాటలోనే అసలు పొరపాటు ఉంది. కారు కంపెనీ నుంచి నేరుగా మన చేతికి రాదు. మనేసర్‌లోనో, పుణెలోనో, శ్రీపెరంబుదూరులోనో తయారైన బండి ట్రైలరు మీదో రైలు మీదో వందల కిలోమీటర్లు వస్తుంది. పెనుకొండ దగ్గర తయారైనదైనా హైదరాబాదు చేరాలంటే ట్రైలరు ఎక్కాలి, దిగాలి. ఆ తర్వాత ఊరి బయట స్టాక్‌యార్డులో ఎండకూ వానకూ నిలబడి ఉంటుంది. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు. అక్కడి నుంచి ఎవరో డ్రైవరు షోరూముకు నడుపుకొస్తాడు. ఈ దారిలో ఎక్కడైనా డోరు గీసుకుపోవచ్చు, బంపరు తగలవచ్చు, బ్యాటరీ నీరసించవచ్చు, ఎలుక వైరు కొరకవచ్చు. ఫ్యాక్టరీలో చివరి తనిఖీ చేసిన మనిషికి ఇవేవీ తెలియవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు ఎలా మునిగాయో చూసిన వాళ్లకు, ఆరుబయట నిలిపిన బండికి ఏం జరగవచ్చో వేరే చెప్పక్కర్లేదు.

మా బావమరిది కారు తీసుకున్న రోజు నేనూ వెళ్లాను. వర్జ్యం వచ్చేలోపు తాళం అందుకోవాలని ఇంట్లో ఒత్తిడి. సాయంత్రం ఏడు దాటింది. బండి మీద ఎర్రటి పట్టుగుడ్డ కప్పి ఉంచారు. కేకు, దండ, ఫొటోలు. ఈ హడావుడిలోనే ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు. "వాహనాన్ని మంచి స్థితిలో అందుకున్నాను" అని అందులో ఉంది. అప్పటికి ఆ గుడ్డ ఇంకా తీయలేదు. మర్నాడు ఎండలో చూస్తే ఎడమవైపు వెనక డోరు రంగు వేరు, దాని రబ్బరు బీడింగు మీద పెయింటు తుంపర. షోరూముకు వెళితే ఒకటే జవాబు: "గేటు దాటాక ఏం జరిగిందో మాకేం తెలుసు సార్?" ఆ కాగితం చూపించారు. తప్పు మాది కూడా. నేనూ పక్కనే నిలబడి ఫొటోలు తీశాను.

చట్టం మన పక్షానే ఉంది, కాని దాన్ని వాడుకునే సమయం చాలా చిన్నది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, సరుకును పరీక్షించుకునే అవకాశం కొనేవాడు అడిగితే అమ్మేవాడు ఇచ్చితీరాలి. అంటే ఇది షోరూము దయ కాదు, తొంభై ఏళ్లు దాటిన హక్కు. పక్కనున్న 42వ సెక్షన్ రెండోవైపు చెబుతుంది. అంగీకరించానని తెలిపినా, వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గరుంచుకున్నా సరుకును స్వీకరించినట్టే లెక్క. పట్టుగుడ్డ కింద ఉన్న బండికి సంతకం పెట్టడమంటే మొదటి సెక్షన్ ఇచ్చిన హక్కును మన చేత్తో మనం వదులుకోవడం.

"వారంటీ ఉంది కదా" అనేవాళ్లున్నారు. వారంటీ తయారీ లోపాలకు. దారిలో పడిన సొట్టకు, గీతకు, మళ్లీ వేసిన రంగుకు కాదు. తయారీ లోపమే అయినా బండిని మార్చి ఇవ్వరు. వారంటీ అంటే లోపమున్న భాగాన్ని మార్చడమేనని, కారునే మార్చడం కాదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. 2009లో తయారై 622 కిలోమీటర్లు తిరిగిన కారును 2011లో తనకు అంటగట్టారని గోవాలో ఒక కొనుగోలుదారు ఫిర్యాదు చేశాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021లో తీర్పు వచ్చింది. తన పాత్ర రుజువు కానిదే డీలరు తప్పుకు తయారీ కంపెనీ బాధ్యత వహించదని కోర్టు చెప్పింది. మనమేమో కంపెనీ పేరు చూసి ధీమాగా ఉంటాం. పది నిమిషాలు చూస్తే తేలే సంగతికి పదేళ్లు తిరగాల్సి రావడం న్యాయమా?

చూడటానికి మెకానిక్ కానక్కర్లేదు. పగటి వెలుగు కావాలి, అంతే. బండి చుట్టూ తిరిగి ఏటవాలుగా చూస్తే రంగులో తేడా, డోర్ల మధ్య సందుల తేడా కనబడతాయి. బానెట్ కింద, డోరు కీళ్ల దగ్గర బోల్టుల మీద స్పానరు పట్టిన గీతలుంటే ఆ భాగాన్ని ఎవరో విప్పారన్నమాట. కార్పెట్ ఎత్తి చేయి పెడితే తేమ, బురద దాగవు. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లకూ స్టెప్నీకీ అవి దగ్గరదగ్గరగా లేకపోతే ఎందుకని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం బండి తయారైన నెల. ఫారం 21లో అది ఉంటుంది. రేపు అమ్మబోతే ధర దాన్నిబట్టే పలుకుతుంది. జనవరిలో కొన్న బండి కిందటి మార్చిలో తయారైందని ఆర్సీ వచ్చాక తెలుసుకుని ఏం లాభం? ఇన్వాయిసు మీది ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు పదిహేడు అక్షరాలూ ఒకటేనా అని వేలు పెట్టి సరిచూసుకోవాలి.

ఇదంతా డెలివరీ రోజు చేస్తే చాలనడమూ పొరపాటే. అప్పటికి లోను డబ్బు డీలరుకు చేరిపోయి ఉంటుంది, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మన పేరన పడి ఉంటుంది, ఇన్సూరెన్సు కట్టేసి ఉంటుంది. లోపం కనబడ్డా "ఇంకో బండి ఇవ్వండి" అనే బలం మనకు ఉండదు, "పాలిష్ పట్టిస్తాం" అనే బలం వాళ్లకు ఉంటుంది. పూర్తి డబ్బు కట్టనిదే బండి కేటాయించం అనే షోరూములున్నాయి. అలాంటప్పుడు బుకింగ్ రోజే, టీఆర్‌కు ముందు బండి చూపిస్తామని రాయించుకోవాలి. డెలివరీ రోజు చేయాల్సింది రెండో చూపు. ముందు చూసిన బండి, నిలబెట్టిన బండి ఒకటేనా అని.

ముహూర్తాన్ని నేను కాదనడం లేదు. కనకదుర్గమ్మ గుడి దగ్గరో, కొండగట్టులోనో పూజ చేయించుకోండి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టండి. పెళ్లికి ముహూర్తం పెట్టుకునే ముందు పెళ్లిచూపులు జరుగుతాయి కదా. సేల్స్ కుర్రాడు నొచ్చుకుంటాడన్న బెంగా వద్దు. నెలాఖరు టార్గెట్‌తో సతమతమయ్యే ఆ అబ్బాయి మీద కాదు మన అనుమానం. ఆ బండి ఎక్కడెక్కడ నిలబడి వచ్చిందో అతనికీ తెలియదు.

కాబట్టి ఈ దసరాకో ధనత్రయోదశికో కారు తీసుకోబోతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి మీ బండి చూడండి. టీఆర్‌కు ఆ తర్వాతే ఒప్పుకోండి. డెలివరీ రోజు ఆ కాగితం చేతికిస్తే, పట్టుగుడ్డ తీయించి, బండిని వెలుగులోకి తెప్పించి, చుట్టూ తిరిగి చూశాకే సంతకం పెట్టండి.