రాముడి వేషం ఎవరికి?

భద్రాచలం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా రామాయణ నాటకం వేద్దామనుకోండి. మొదటి గొడవ డబ్బుల దగ్గర రాదు, రాముడి దగ్గర వస్తుంది! వేషాల పంపకం అనగానే విల్లు పట్టడానికి పదిమంది సిద్ధం. కైకేయికి ఒక్కరూ దొరకరు. పెద్ద వేషం బాగా పాడేవాడికివ్వాలా, ఎక్కువ చందా ఇచ్చినాయన కొడుక్కివ్వాలా? ఇప్పుడు దీన్ని ఆడిషన్ అంటున్నాం కానీ, తగువు మాత్రం పాతదే.

పద్యనాటకాల రోజుల్లో పరీక్ష అంతా హార్మోనియం ముందే. మైకుల్లేని కాలం. చివరి వరసలో చాప పరుచుకున్నవాళ్లకూ పద్యం వినపడాలి. రూపం సంగతి రంగూ కిరీటమూ చూసుకునేవి. గొంతు లేకపోతే మాత్రం అవేమీ కాపాడేవి కావు.

సురభి వాళ్లది మరో దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు వేషం కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. ఊహ తెలిసేసరికే లోహితాస్యుడో, ప్రహ్లాదుడో అయిపోతారు. బయటి సమాజాల్లో మగవాళ్లే చీరలు కట్టుకుంటున్న కాలంలో ఆడవేషాలు ఆడవాళ్లే వేసిన ఘనత కూడా వాళ్లదే.

ఆ చీరకట్టుతోనే చరిత్రకెక్కిన బాపట్లవాసి స్థానం నరసింహారావుకు తొలి అవకాశం ఎలా వచ్చిందనుకున్నారు? హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషధారి ఆ రోజు రాలేదు. ఈయన నేనున్నానన్నారు. ఆ తర్వాత సత్యభామగా తెలుగునాట ఆయనకు సాటి లేదనిపించుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. విజయవాడ కాలేజీలో ఎన్టీ రామారావు కథ ఇంకా సరదాగా ఉంటుంది. గురువు విశ్వనాథ సత్యనారాయణ నాగమ్మ వేషం ఇస్తే, మీసం తీయనని మొరాయించారు. మీసంతోనే ఆడి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. మీసం ఉందని గురువుగారు వేషం మార్చేసి ఉంటే ఆ ముచ్చట మనకు మిగిలేదే కాదు.

ఆ తర్వాత కొలతలే మారిపోయాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలికి కిరీటాలతో పెద్దగా పనిలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం తెలంగాణ రైతుల పోరాటాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. రైతు పాత్రకు రాగాలాపన ఎందుకు? నాగలి పట్టినవాడిలా నిలబడితే చాలు. నిన్నటిదాకా ‘నీ గొంతు పద్యానికి పనికిరాదు’ అనిపించుకున్నవాళ్లకు తలుపు తెరుచుకుంది.

అంటే వేషాల పంపకంలో పరీక్ష రాసేది అడిగినవాళ్లు మాత్రమే కాదు, ఇచ్చేవాళ్లు కూడా. దేనికోసం చెవి పెడుతున్నారన్న దాన్నిబట్టే ఎవరు లోపలికొస్తారో, ఎవరు బయటే ఉండిపోతారో తేలుతుంది.

అడవి అంచు ఊళ్లలో ఈ మాట మరీ ముఖ్యం. దుమ్ముగూడెం, చర్ల వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు మొదట నేర్చేది కోయ భాష. గోండికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష అది. అలాంటి ఇంటి పిల్ల బడి నాటకంలో సీత వేషం అడిగి, నాలుగు తెలుగు డైలాగులు తన యాసలో చెప్పిందనుకోండి. ముందు వరసలో కిసుక్కుమని నవ్వుతారు. ‘నువ్వు వానరసేనలో నిలబడమ్మా’ అనేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తుతుందా? ఆలోచిస్తే సీతమ్మ పద్నాలుగేళ్లు అడవుల పాలైన తల్లి. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో ఇప్పటికీ ఆ కథను బొమ్మలుగా పెట్టి చూపిస్తున్నారు. అడవి తెలిసిన పిల్ల సీతగా పనికిరాదా?

కాబట్టి వేషాలు పంచే మాస్టార్లు ఒక పని చేయొచ్చు. అక్కడికక్కడ కాగితం చేతికిచ్చి చదవమనకుండా ఒకరోజు ముందే ఇవ్వాలి. చదువు తడబడినంత మాత్రాన నటన రాదని కాదుగా! సీత అడిగినవాళ్లతో ఒకసారి శూర్పణఖ, రాముడు అడిగినవాళ్లతో ఒకసారి రావణుడు చెప్పించి చూడాలి. ఎవరిలో ఏముందో అప్పుడు బయటపడుతుంది. ఎవరు ఎవరి బంధువన్నది మాత్రం గుమ్మం బయటే వదిలేయాలి. వేషం రానివాళ్లకు ఎందుకు రాలేదో నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి.

అమ్మానాన్నలూ... మీ అబ్బాయికి రాముడు రాలేదని బడికెళ్లి తగువు పెట్టుకోకండి. తెర వెనక పద్యం అందించే పని ఇస్తే సంతోషంగా పంపండి. నాటకం మొత్తం నోటికొచ్చేది ఆ ఒక్కడికే. ఏ రాముడికో గొంతు పోయిన రాత్రి, మాస్టారు వెతికేది వాణ్నే!