రిస్క్ ఎవరిది?

2024 జనవరిలో కాకినాడ తీరానికి దూరంగా, లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ మొదటి చమురు తీసింది. ఆ వారమంతా మా స్టాఫ్ రూమ్‌లో ఒకటే చర్చ. షేరు కొనాలా, ఆగాలా? కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచిన విద్యార్థులూ అదే అడిగారు.

వాళ్లకు పాత లెక్కలు చెప్పాను. 2005లో ఇదే కేజీ బేసిన్‌లో జీఎస్‌పీసీకి 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని నాటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. తర్వాత లెక్క పదో వంతుకు పడింది. 2017లో అందులో 80 శాతం వాటా కొన్నది ఎవరనుకున్నారు? ఈ ఓఎన్‌జీసీయే! రిలయన్స్ డీ6 రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లంది. 2010లో 6 కోట్లు దాటి, 2013 చివరికి 2 కోట్ల లోపుకు జారింది.

మదుపరి దీన్ని రిస్క్ అంటాడు. నష్టమొస్తే అమ్ముకుని బయటపడతాడు. మన వాడ పిల్లలకు ఆ నష్టమూ పెద్దదే, వెనక తాతల పొలం లేదు కదా.

సముద్రపు గ్యాసైనా ఒడ్డుకే రావాలి, ఒడ్డున మనుషులున్నారు. కోనసీమలో 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు ఏ షేరూ కొనలేదు.

కొనొద్దని అనను. ఒక్క షేరున్నా వాటాదారుల వార్షిక సమావేశానికి వెళ్లే హక్కుంటుంది. బ్యారెళ్ల లెక్క అందరూ అడుగుతారు. మీరు పైపుల వయసెంతో, అవి ఏ పేటల పక్కనుంచి పోతున్నాయో అడగండి.