హెచ్‌ఎం మేడమ్ దరఖాస్తు పెట్టలేదు

ఏటా సెప్టెంబర్ 5న జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు ఇస్తారు. ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు. 2018 నుంచి టీచర్లే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సిఫార్సుల బెడద తగ్గడానికి ఇది మంచిదే. కానీ ఫోటోలు, వీడియోలు జతచేసి తన గొప్ప తానే చెప్పుకోవాలంటే, పల్లె హైస్కూల్లో పనిలో మునిగినవాళ్లు వెనకబడతారు.

మా జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్‌ఎం మేడమ్ అలాంటి మనిషే. పేరు రాయొద్దన్నారు. పత్తి ఏరే రోజుల్లో హాజరు పట్టీ చూసుకుని, బడికి రాని పిల్లల ఇళ్లకు సాయంత్రం తనే వెళ్తారు. మా మాదిగవాడలో ఆమె ఎక్కని గడప లేదు. తొమ్మిదిలోనే పెళ్లి మాటలు నడిచిన ముగ్గురు అమ్మాయిలు పది పరీక్ష రాశారంటే, వాళ్ల తల్లిదండ్రులతో ఆమె రాత్రిదాకా కూర్చుని మాట్లాడినందుకే.

ఈ పని ఏ చట్టమూ చేయించదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే, ఎనిమిదో తరగతి వరకే. సరిగ్గా ఆ తర్వాతే మన పిల్లలు కూలికి, పెళ్లికి జారిపోతున్నారు. చట్టం వదిలేసిన చెయ్యిని పట్టుకోవాల్సింది హెడ్మాస్టరే.

మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మా బడిలో వండేది దళిత మహిళ. కొన్ని ఇళ్ల నుంచి పిల్లలకు క్యారియర్లు రావడం మొదలైంది. మేడమ్ ఎవరితోనూ గొడవపడలేదు. రోజూ పిల్లల వరుసలో కూర్చుని అదే అన్నం తిన్నారు. కొన్ని నెలలకు క్యారియర్లు తగ్గాయి. దీన్ని నింపడానికి దరఖాస్తులో ఏ గడి ఉంది?

టీచర్ ఎవరన్నది చిన్న విషయం కాదు. రైతు కులాల నుంచే టీచర్లను తయారుచేయాలని జోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషన్‌ను అడిగారు. బాబాసాహెబ్‌ను చిన్నప్పుడు గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టింది బడే. చదువుకునే రోజుల్లో ఆయన చేతిలో బుద్ధుడి జీవిత చరిత్ర పెట్టిన కేలూస్కర్ కూడా టీచరే.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. ఎంపిక కమిటీ ఫైళ్లు పక్కన పెట్టి వాడలోకి రావాలి. ఆరులో చేరినవాళ్లలో ఎంతమంది పది దాకా నిలిచారు? బడిలో మరుగుదొడ్లు ఎవరి చేత కడిగిస్తున్నారు? భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? ఈ మూడూ తల్లులను అడిగితే చాలు, ఎవరికి పురస్కారం ఇవ్వాలో తేలిపోతుంది.

అప్పటిదాకా మనం ఆగనక్కర్లేదు. జనవరి 3 సావిత్రిబాయి ఫూలే జయంతి. ఆ రోజు ప్రతి ఊరి అంబేద్కర్ సంఘం ఇలాంటి హెడ్మాస్టర్లను వాడకు పిలిచి, వాళ్లు నిలబెట్టిన పిల్లల చేతే సన్మానం చేయించాలి. జై భీమ్!